వెరియర్ ఎల్విన్ – బస్తరు ముఖములు

ప్రభుత్వ కార్యాలయములలోని దస్త్రములందు మనుష్యుడు సాధారణముగా ఒక పేరుగా, ఒక సంఖ్యగా, ఒక వర్గముగా మాత్రమే కనబడును. అతని ముఖమెట్లుండునో, దేనికి నవ్వునో, దేనికి కోపించునో దస్త్రము చెప్పదు. చెప్పుట దాని పనియు కాదు. కాని ఆ దస్త్రముపై నిర్ణయము వ్రాయువానికి ఆ ముఖము ఒక్కసారియైనను జ్ఞప్తికి రావలయును. రానిచో ఆ నిర్ణయము ఎంత చట్టబద్ధమైనను అందొక వెలితి యుండిపోవును. ముప్పది రెండేండ్లు ఆదివాసుల నడుమ జీవించి, కలముతోను కెమెరాతోను వారి ముఖములను లోకమునకు చూపి, కడపట ప్రభుత్వోద్యోగియై ఆ ముఖములను దస్త్రములలోనికిని తెచ్చిన పురుషుడు వెరియర్ ఎల్విన్. ఆయన ఛాయాచిత్రములలో మేలైనవానిలో పెక్కింటికి పుట్టినిల్లు బస్తరు.

బస్తరు తెలుగువారికి పరాయి దేశము కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు గోదావరి దాటిపోయి ఇంద్రావతీ ప్రాంతమున రాజ్యము స్థాపించెనని అచ్చటి రాజవంశపు ఐతిహ్యము. దంతేవాడలో వెలసిన దంతేశ్వరి ఆ వంశపు కులదేవత. బస్తరు దక్షిణపు కొసనున్న కోంటా ప్రాంతమున దోర్లలు తెలుగు కలసిన కోయమాట నేటికిని మాటాడుచున్నారు. ఇంద్రావతి నీరు కడకు మన గోదావరిలోనే కలియుచున్నది. ఇంత దగ్గరి చుట్టరికముండియు, బస్తరు ప్రజల ముఖములను మనవారు పుస్తకములలో చూచినది మాత్రము ఒక ఆంగ్లేయుని వలననే.

హ్యారీ వెరియర్ హోల్మన్ ఎల్విన్ 1902వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఇంగ్లండులోని డోవరు పట్టణమున జన్మించెను. తండ్రి ఆంగ్లికన్ మతాచార్యుడు. పశ్చిమాఫ్రికాలోని సియర్రా లియోనునకు బిషప్పు. ఎల్విన్‌కు ఏడేండ్లు నిండకమునుపో నిండిన తోడనో, 1909లో, ఆ తండ్రి మరణించెను. తల్లి పిల్లలను గొప్ప మతనిష్ఠతో పెంచెను. ఆక్స్‌ఫర్డులోని మెర్టన్ కళాశాలలో ఎల్విన్ ఆంగ్లసాహిత్యమునందును, పిమ్మట క్రైస్తవ మతశాస్త్రమునందును ప్రథమశ్రేణి పట్టములు పొందెను. కవిత్వమనిన ప్రాణము. ఇంగ్లండులోనే యుండినచో ఆయన తండ్రివలె బిషప్పో, లేక సాహిత్యాచార్యుడో అయి యుండును.

అట్లు కాలేదు. 1927లో క్రిస్త సేవాసంఘమను చిన్న ఆశ్రమమున చేరుటకై ఆయన పూనాకు వచ్చెను. మరుసటి యేట సబర్మతిలో గాంధీజీని దర్శించెను. ఆ దర్శనముతో మతప్రచారకునిగా వచ్చినవాడు జాతీయోద్యమాభిమానిగా మారెను. ఖద్దరు కట్టెను, స్వజాతివారి పాలనను విమర్శించుచు వ్రాసెను, పాలకుల అనుమానమునకు గురియయ్యెను. పేదలలో పేదలైనవారికి సేవ చేయవలెనన్న కోరిక ఆయనను గోండుల కడకు నడిపించెను. జమ్నాలాల్ బజాజ్ సలహాపై, షామ్‌రావ్ హివాలే యను మిత్రునితో కలసి, 1932 జనవరిలో మధ్యపరగణాలలోని మండ్లా జిల్లా కరంజియా గ్రామము చేరెను. అచ్చట పూరిపాకలలో బడి, మందులశాల, కుష్ఠురోగులకొక ఆశ్రయము వెలసినవి. మతము మార్చుట తన పని కాదని ఎల్విన్ నిశ్చయించుకొనెను. చర్చి పెద్దలకు అది సరిపడలేదు. కొలది యేండ్లకే ఆయన చర్చితో తన సంబంధమును తెంచుకొనెను.

ఇచ్చట కొంత వెనుకటి చరిత్ర చెప్పవలయును. భారతదేశమున సామాన్యులను ఛాయాచిత్రములలో బంధించుట ఎల్విన్‌తో మొదలుకాలేదు. 1857 తిరుగుబాటు తరువాత తాము పాలించు జనులెవ్వరో తెలిసికొనవలెనన్న ఆతురత ఆంగ్లప్రభుత్వమునకు కలిగెను. 1868 మొదలు 1875 వరకు ‘భారతదేశ ప్రజలు’ అను ఆంగ్లగ్రంథము ఎనిమిది సంపుటములలో వెలువడినది. అందు వందలకొలది ఛాయాచిత్రములు కలవు. కాని వానిలో మనుష్యుడు మనుష్యుడు కాడు. తన కులమునకొక మచ్చు. చిత్రము క్రింద కులము పేరు, దాని గుణదోషములపై పాలకుని అభిప్రాయము ఉండును. అండమానులలో గళ్ళు గీచిన తెర ముందర ఆదివాసులను నిలిపి, ఆ గళ్ళను బట్టి వారి శరీరములను కొలిచిరి. మద్రాసు మ్యూజియము అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన దక్షిణభారత కులముల గ్రంథమున ముక్కుల కొలతలు కూడ ఎక్కినవి. మన కోయలు, చెంచులు, సవరలు ఆ సంపుటములలో నున్నారు. వారిలో ఎవ్వరికిని తమ చిత్రమెందులకు తీయబడినదో తెలిసి యుండదు.

ఎల్విన్ మానవశాస్త్రమును కళాశాలలో చదివినవాడు కాడు. గ్రామమున జీవించుచునే నేర్చుకొనెను. కెమెరా ఆయన చేతిలోనికి వచ్చునప్పటికి ఎదుటివారు ఆయనకు పొరుగువారు. వారి పిల్లలు ఆయన బడిలో చదువుచుండిరి. వారి వ్రణములను ఆయన కడుగుచుండెను. 1939లో వెలువడిన ‘ది బైగా’ అను ఆయన తొలి పెద్దగ్రంథమున ఈ తేడా స్పష్టముగా కనబడును. నాగలితో భూమిని చీల్చుట తల్లి రొమ్ము చీల్చుటయేయని నమ్మిన బైగాలు అడవి నరికి కాల్చిన బూడిదలో విత్తు చల్లుకొని బ్రతికెడివారు. ఆ సేద్యమును అటవీశాఖ నిషేధించుటచే వారు కూలీలైరి. ఆ గ్రంథమునందలి ఛాయాచిత్రములు ఆ కథ నడుమ నిలిచి, చదువరికి ఆ నష్టము ఎవరిదో చూపినవి.

1940లో బస్తరు సంస్థానమున జనాభా లెక్కల అధికారిగా, గౌరవ మానవశాస్త్రజ్ఞునిగా ఎల్విన్ నియమితుడయ్యెను. ఇంద్రావతి ఒక్క పెట్టున క్రిందికి దుముకు చిత్రకూటము జలపాతపు చెంత నివాసమేర్పరచుకొనెను. అచ్చటినుండి మారియా, మురియా గ్రామములకు పోవుచు వచ్చుచు నుండెను.

బస్తరు అడవులలో అపరిచితుడనిన భయము ఊరక పుట్టినది కాదు. అడవిలో అధికభాగమును ప్రభుత్వము తన అధీనము చేసికొనబూనినందున 1910లో ఆదివాసులు తిరుగబడిరి. గుండాధుర్ పేరు నేటికిని అచ్చట పాటలలో నిలిచియున్న ఆ తిరుగుబాటును భూమకాల్ అందురు. దానిని సైన్యముతో అణచివేసిరి. నాటినుండి చేత కాగితము పట్టుకొని గ్రామములోనికి వచ్చువాడెవడైనను పన్ను కొఱకో, వెట్టి కొఱకో వచ్చినవాడేయని జనులనుకొనుటలో వింత లేదు. అట్టిచోట కెమెరా పట్టుకొని వచ్చినవానిని ఎవరు నమ్ముదురు? ఎల్విన్ కనుగొనిన ఉపాయము ఒక్కటే: తొందరపడకుండుట. గ్రామములలో బస చేయుట, పొగాకు పంచుకొనుట, కథలు వినుట, ఆటపాటలు చూచుట ముందు. కాగితమును కెమెరాయు తరువాత. ఆయనకు గోండీ భాష పండితునివలె రాలేదు. హల్బీ, ఛత్తీస్‌గఢీ మాటలతోను, స్థానికులగు సహాయకులతోను పని నడిపెను. అయినను ఆయన సాధించిన చనువు అంతకుముందు ఏ అధికారికిని లభించలేదు.

మురియా గ్రామములలో ఘోటుల్ అను యువజనగృహముండును. పెండ్లికాని బాలురు, బాలికలు సాయంకాలమున అందు చేరుదురు. బాలురను చేలిక్ అనియు, బాలికలను మోతియారి అనియు పిలుతురు. అందు పెద్దల జోక్యముండదు. కాని క్రమశిక్షణ యుండును. దివాను, కొత్వాలు మొదలగు పదవులు పిల్లలకే యుండును. పని తప్పినవారికి శిక్షయు వారే వేయుదురు. ఊడ్చుట, కట్టెలు తెచ్చుట, పెండ్లిళ్ళలో ఊరివారికి చాకిరి చేయుట, ఆడుట, పాడుట అన్నియు అచ్చటనే నేర్తురు. కుఱ్ఱవాడు చెక్కతో దువ్వెన చెక్కి తనకిష్టమైన పిల్లకిచ్చును. ఆమె దానిని తలలో తురుముకొనును. ఈ గృహమును స్థాపించినవాడు లింగో యను దేవుడని వారి నమ్మకము.

1947లో వెలువడిన ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ ఏడువందల పుటలకు మించిన గ్రంథము. దానితోపాటు పెక్కు ఛాయాచిత్రములు అచ్చయినవి. రాజులు, దర్బారులు, వేటాడి చంపిన పులులపై కాలు మోపిన దొరలు అందు లేరు. తలపాగలో ఈకలు దోపుకొనిన యువకులు, మెడనిండ పూసలు వేసికొనిన పడుచులు, డోళ్ళు, నాట్యములు, చెక్కిన స్తంభములు, దువ్వెనలు, పొగాకు బరిణెలు, అనగా అనుదిన జీవితము, అందు నిలిచినది. కొలతబద్ద ముందు నిలువబెట్టిన బిగువు ఆ ముఖములలో లేదు. ఛాయాచిత్రమున ఎదుటివాని ముఖము సగము మాత్రమే పట్టుబడును; తక్కిన సగము తీయువానికిని అతనికిని గల చనువు. చూపులోని నిబ్బరము, పెదవిపై నవ్వు ఎదుటివాడిచ్చినప్పుడే చిత్రమునకు వచ్చును. వెలుతురెంత మంచిదైనను దానిని తెచ్చిపెట్టజాలదు.

బస్తరులో ఎల్విన్ చేసిన రెండవ పని ఇంతకంటె కఠినమైనది. దక్షిణపు కొండలలో నివసించు మారియాలు నాట్యమునకు అడవిదున్న కొమ్ములు గల శిరోభూషణము ధరింతురు. దానినుండి గవ్వల పేటలు ముఖముపైకి వ్రేలాడును; ముఖము కనబడదు. డబ్ల్యూ. వి. గ్రిగ్సన్ అను అధికారి తన 1938 నాటి గ్రంథమున వారికి ఆ కొమ్ముల పేరే పెట్టెను. అట్లు ఒక జాతియంతయు బయటివారికి ఒక తలపాగగా పరిచయమయ్యెను. దీనికి తోడు వారికి హంతకులను అపకీర్తి కూడ కలదు. ఎల్విన్ ఆ కేసుల దస్త్రములను తీసి చదివెను. నూరు హత్యలను ఒక్కొక్కటిగా పరిశీలించెను. ఫలితముగా 1943లో ‘మారియా మర్డర్ అండ్ సూయిసైడ్’ వెలువడినది. పుట్టు హంతకుల జాతి ఏదియు ఆయనకు కనబడలేదు. అలసట, త్రాగుడు, భార్యపై అనుమానము, చేతబడి భయము, ఆస్తి తగవు కనబడినవి. ఏ నాగరిక నగరమునందైనను మనుష్యుని చేయి లేపించునవి ఇవియే. దస్త్రములో ముద్దాయిగా నున్నవానికి భార్యను, పొలమును, బాధను తిరిగి ఇచ్చుట ఆ గ్రంథము చేసిన మేలు. గవ్వల పేటలను ఆయన ఒకింత ప్రక్కకు తొలగించి ముఖము చూపెను.

ఇంతటి చూపు గల ఆయనకు తన ఇంటిలోని ముఖము తుదివరకు తెలిసినదా యని ప్రశ్నించినచో, లేదనియే చెప్పవలయును. 1940లో ఆయన కోసీ యను గోండు యువతిని వివాహమాడెను. బస్తరునకు ఆమెయు ఆయన వెంట వెళ్ళెను. ఆయన లోకమునకు చూపిన గోండు జీవితమునకు ఆమె ప్రతినిధివలె నుండెను. కాని ఆ దాంపత్యము నిలువలేదు. 1949లో విడాకులతో ముగిసెను. ఆత్మకథలో ఆయన ఈ ఘట్టమును కొలది మాటలలో దాటవేసెను. ఎందఱనో వినిన చెవి ఒక్కరిని విననేరకపోయినదని చదువరికి తోచును. తరువాత లీలా యను పర్ధాను స్త్రీని వివాహమాడి జీవితాంతము ఆమెతో సుఖముగా నుండెను. మహనీయుల జీవితములలో ఇట్టి వెలితిని దాచుట వారికి గౌరవము కాదు. పరిచయమనునది ఒక్కసారి సంపాదించి పెట్టెలో దాచుకొను ధనము కాదని ఇది తెలుపును.

విమర్శలు వేఱు దిక్కునుండియు వచ్చినవి. ఆదివాసులను లోకమునుండి వేఱుచేసి జంతుప్రదర్శనశాలలోవలె నిలుపజూచుచున్నాడని దేశభక్తులు కొందఱు నిందించిరి. సామాజికశాస్త్రజ్ఞుడు జి. ఎస్. ఘుర్యే 1943 నాటి తన గ్రంథమున ఎల్విన్ వాదములను ఖండించెను. ఈ విమర్శలో అతిశయోక్తి యున్నను కొంత సత్యము లేకపోలేదు. ఘోటుల్ గ్రంథమున యౌవనము, సౌందర్యము, ఆనందము అధికముగా వెలుగునందు నిలిచినవి. ముసలితనము, జ్వరము, అప్పు నీడలోనికి పోయినవి. ఆ పుస్తకము పేరు దేశదేశములకు ప్రాకిన కొలది, ఘోటుల్‌ను సంస్కృతిగా గాక వింతగా చూచుటకు వచ్చువారి సంఖ్యయు పెరిగెను. వారికి ఎల్విన్ ఓర్పు లేదు. కెమెరాలు మాత్రము కలవు.

ఈ విషయమున బస్తరులోనే జరిగిన మఱియొక ఉదంతము తెలిసికొనదగినది. స్వీడను దేశపు చలనచిత్ర దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ నారాయణపురము ప్రాంతమున చిత్రము తీసి 1957లో విడుదల చేసెను. అందు గఢ్‌బెంగాల్ గ్రామపు మురియా బాలుడు చెంద్రు పులితో ఆడుచు కనబడును. ఆస్ట్రిడ్ సుక్స్‌డార్ఫ్ తీసిన ఛాయాచిత్రముల పుస్తకము వలన ఆ బాలుని ముఖము అనేక దేశముల పిల్లలకు తెలిసెను. అతనిని స్వీడనునకును తీసికొనిపోయిరి. పిమ్మట అతడు తన యూరికి తిరిగివచ్చి, పేదరికమున జీవించి, 2013లో మరణించెను. లోకమంతయు ఎఱిగిన ముఖము సొంతవూర గంజికి వెదకికొనుచుండెను. చిత్రము తీసికొనినవాడు తన దారిని పోవును. తీయబడినవాడు అచ్చటనే యుండును. ఎల్విన్‌నకు ఈ సంగతి బాగుగా తెలియును. కనుకనే ఆయన పోలేదు, ఉండిపోయెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆంగ్లేయులు పలువురు స్వదేశము చేరిరి. ఎల్విన్ కొంతకాలము భారత మానవశాస్త్ర పరిశీలనశాఖలో ఉపసంచాలకుడుగా పనిచేసెను. 1951లో మధ్యభారత ఆదివాసుల కళపై గ్రంథము వెలువరించెను. 1954లో భారత పౌరసత్వము స్వీకరించెను. అదే యేట ఈశాన్య సరిహద్దు ప్రాంతపు పాలనావ్యవస్థకు ఆదివాసి వ్యవహారముల సలహాదారుగా నియమితుడై షిల్లాంగులో స్థిరపడెను. ఆ ప్రాంతమే నేటి అరుణాచల్ ప్రదేశ్. అధికారులకు మార్గదర్శకముగా వ్రాసిన ‘ఏ ఫిలాసఫీ ఫర్ నేఫా’కు ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ పీఠిక వ్రాసెను. ఆదివాసి అభివృద్ధి ఖండములను పరిశీలించిన సంఘమునకు ఎల్విన్ అధ్యక్షత వహించి 1960లో నివేదిక సమర్పించెను. ఢేబర్ అధ్యక్షతన ఏర్పడిన షెడ్యూల్డు ప్రాంతముల కమిషనులో సభ్యుడుగా నుండెను. ఆయన నివేదికలలో కట్టడములకంటె, అంకెలకంటె, ఆ సొమ్ము ఎవరి కొఱకు ఖర్చగుచున్నదో ఆ జనుల అభిరుచికి ప్రాధాన్యము హెచ్చు. 1961లో పద్మభూషణ బిరుదము లభించెను. 1964 ఫిబ్రవరి 22వ తేదీన ఢిల్లీలో గుండెపోటుతో మరణించెను. ఆ యేడే వెలువడిన ఆయన ఆత్మకథకు సాహిత్య అకాడమీ పురస్కారము మరణానంతరము లభించినది.

ఎల్విన్ బస్తరులో నున్న కాలముననే గోదావరికి ఈవల, నిజాం రాజ్యమున, ఆయన మిత్రుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల, కొండరెడ్ల, ఆదిలాబాదు గోండుల ఛాయాచిత్రములు తీయుచుండెను. బస్తరును విడిచి, తరువాత హైదరాబాదులో ఉన్నతోద్యోగమున చేరిన గ్రిగ్సన్ ఆయన కృషికి అండగా నిలిచెను. మార్లవాయి గ్రామమున హైమెన్‌డార్ఫ్ దంపతులను గోండులు నేటికిని స్మరించుచున్నారు. నదికి ఇరుదరుల ఇద్దఱు విదేశీయులు మనకు మన పొరుగువారిని పరిచయము చేసిరి.

ఆ పొరుగువారు ఇప్పుడు మన వాకిటనే యున్నారు. 2005 తరువాత బస్తరులో చెలరేగిన హింసకు తాళలేక వేలకొలది మురియాలు ఇల్లు వాకిళ్ళు విడిచి గోదావరీ తీరపు అడవులకు, ఖమ్మము, భద్రాచలము ప్రాంతములకు తరలివచ్చిరి. మిరపతోటలలో కూలిపని చేయుచున్నారు. మనవారు వారిని గొత్తికోయలని పిలుతురు. అది వారు తమకు పెట్టుకొనిన పేరు కాదు. కొమ్ములను బట్టి మారియాలకు పేరు పెట్టిన తీరుననే, ఇదియు బయటివారు తగిలించిన చీటీ. గుర్తింపు కొఱకు, గుడిసె కొఱకు వారు కార్యాలయముల చుట్టు తిరుగుచు, దరఖాస్తుపై అతికించుటకు ఛాయాచిత్రములు తీయించుకొనుచున్నారు. ఎల్విన్ పుస్తకములో దువ్వెన తురుముకొని నవ్విన పడుచుల మనుమలు, మనుమరాండ్రు వారిలో కొందఱై యుండవచ్చును.

ఆ దరఖాస్తు ఏదో యొక కార్యాలయమున ఏదో యొక బల్లపైకి వచ్చును. దాని మూలన అతికించిన చిన్న చిత్రములో ముఖము బిగుసుకొని యుండును. వెనుక నీలపు తెర యుండును. ఆ బిగువు ఆ మనుష్యునిది కాదు, ఆ క్షణమునది. ఆ చిత్రమును ఒక నిమిషము చూచి, పిమ్మట కలము తీయగలిగిన అధికారి వెరియర్ ఎల్విన్ పుస్తకమును చదువకపోయినను ఆయన శిష్యుడే.